పక్కా ఖాళీ

తరగతిలో నిద్రపోయినందుకు మెమో అందుకున్న మాస్టర్లు లోకంలో చాలామందే ఉంటారు. ఎలా నిద్రపోతాడో చెప్పనందుకు మెమో అందుకున్న మొదటి మాస్టారు మాత్రం గెడ్డవలస ఉన్నత పాఠశాలలో తెలుగు చెప్పే సన్యాసిరావు.

ఇందులో ఆయన తప్పేమీ లేదు. శాఖలో చాలా పైన ఉండే ఒక అధికారి ఎండాకాలంలో ఏదో చల్లని ఊళ్లో మూడు రోజుల సదస్సుకు వెళ్లారు. రెండో రోజు భోజనాలయ్యాక ఒక నిపుణుడు వేదికెక్కి, మనిషి పడుకునే తీరును బట్టి అతని ఆరోగ్యమూ గుణమూ చెప్పేయవచ్చునని ఉపన్యసించాడు. సభలో సగం మంది అప్పటికే నిద్రలో ఉన్నారు. నిపుణుడు వాళ్లనే ఒక్కొక్కరిగా చూపిస్తూ, వీరు ముందుచూపు గలవారు, వీరికి అజీర్తి, వీరు మాట మీద నిలబడరు అని ఉదాహరణలు చెప్పుకుపోయాడు. పడుకున్నవాళ్లెవరూ కాదనలేదు. ఇంత గట్టి ప్రమాణం దొరికాక శాఖ ఊరుకుంటుందా? జూన్‌లో బడులు తెరిచేసరికి సర్క్యులర్ వచ్చి బల్ల మీద ఉంది.

“‘మెలకువగా ఉన్న ఉద్యోగి తన స్వభావమును దాచగలడు. నిద్రించు ఉద్యోగి దాచలేడు. కావున ఇకమీదట ఉద్యోగిని నిద్రావస్థయందు మదింపు చేయుటకు శాఖ నిశ్చయించినది.’”

ప్రధానోపాధ్యాయురాలు హైమావతి స్టాఫ్ రూములో ఇంతవరకు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశారు. అక్షరాలు మారలేదు.

దానికి జతగా ఒక పట్టిక. వెల్లకిలా పడుకునేవారికి నాయకత్వ లక్షణం, గట్టి గుండె. ఎడమ వైపు తిరిగి పడుకునేవారికి మంచి అరుగుదల, పైవారి పట్ల విధేయత. కుడి వైపు తిరిగేవారు మొండివారు. పైత్యం కూడా ఉండవచ్చు. బోర్లా పడుకునేవారు సమాచారం దాస్తారు. ముడుచుకుని పడుకునేవారికి తనిఖీ అంటే భయం. ముసుగు తన్ని పడుకునేవారి గురించి విడిగా, రహస్యంగా తెలియజేయాలి.

“ముసుగులో ఉన్నది ఎవరో ముందు తెలియాలి కదండీ,” అన్నాడు లెక్కల మాస్టారు త్రినాథ్.

అందరూ తాము ఎలా పడుకుంటారో గుర్తు తెచ్చుకునే ప్రయత్నంలో ఉన్నారు. అది అనుకున్నంత తేలిక కాదు. మనం పడుకున్నప్పుడు మనం ఉండం.

నింపవలసిన ఫారం ఇంగ్లీషులో వచ్చింది. మాతృభాషలో నింపాలని కింద రాసి ఉంది. హైమావతి దాన్ని సన్యాసిరావు ముందు పెట్టారు.

“మాస్టారూ, దీన్ని కాస్త తెలుగు చేసి పెట్టరూ? మన బడే చేసిందంటే మండలం మొత్తానికి ఇదే వాడతారట.”

ఆయన ఒక పీరియడ్ కూర్చుని తెలుగు చేశాడు. ఏడు కాలమ్‌లు. ఆరింటితో పేచీ రాలేదు. ‘సైడ్’ అన్నచోట కలం ఆగింది. ‘పార్శ్వం’ అంటే చదివేవాళ్లకు తలనొప్పి గుర్తొస్తుంది. ‘దిశ’ అంటే ఉత్తరం దక్షిణం రాస్తారు. ఒక్క చిన్న మాటతో అయ్యే పనికి పెద్ద మాట వాడకండి అని ఇరవై తొమ్మిదేళ్లుగా పిల్లలకు చెబుతున్న మనిషి. ‘పక్క’ అని రాసి ముగించాడు.

ఫారాలు పంచుతూ అటెండరు అప్పలకొండ అది చదివి ఆగాడు. “ఏటి బాబూ, పక్కంటే ఏ పక్కని తిరిగి తొంగుంటామో అదా, పక్కేసుకునే పక్కా?”

“ఏదైనా ఒకటే అప్పలకొండా. రెండూ పడుకునేవే.”

ఆ జవాబు తరవాత చాలాకాలం ఆయన చెవుల్లో ఉండిపోయింది.

ఏడో కాలమ్ సాక్షిది. ‘ఉద్యోగి నిద్రించు తీరును ప్రతిదినము చూచు వ్యక్తి సంతకము.’ అందరూ ఫారం ఇంటికి పట్టుకెళ్లి సంతకం పెట్టించుకొచ్చారు. సన్యాసిరావు మిగతా ఆరూ నింపి, ఆ ఒక్కటీ అలాగే వదిలి ఇచ్చేశాడు. హైమావతి కాగితం చూసి, ఆయన ముఖం చూసి, కట్టలో కింద పెట్టారు. ఆయన భార్య వరహాలమ్మ ఫిబ్రవరి పదకొండున పోయింది. కర్మకాండ ముగిసిన మర్నాడు ఆయన బడికి వచ్చి, ఎనిమిదో తరగతికి సంధులు చెప్పాడు. అప్పటినుంచి బడిలో ఆయన ఆ మాట ఎత్తలేదు, మరొకరు ఎత్తే ధైర్యం చెయ్యలేదు.

కట్టలో కింద పెట్టిన కాగితాలే ఆఫీసులో ముందు దొరుకుతాయి. పది రోజుల్లో మెమో వచ్చింది.

‘తమరు ఏ విధముగా నిద్రించుచున్నారో ఏడు దినములలోగా సాక్షి సహితముగా తెలుపనిచో, తమరు నిద్రించుట లేదని భావించి తదుపరి చర్య తీసుకొనబడును.’

ఆ భావనలో తప్పు పట్టడానికి సన్యాసిరావుకు ఏమీ కనిపించలేదు.

అప్పలకొండ మాత్రం ఊరుకోలేకపోయాడు. “ఆ సంతకమేదో నానెట్టేత్తాను బాబూ. ఓపాలి మీ కిటికీ కాడ నిలబడి సూసీసి, సూసినట్టే రాసీమంటే రాసేత్తాను. అబద్దం కూడా కాదు.”

“వద్దు అప్పలకొండా. చూడ్డానికేం లేదు.”

ఈలోగా బడి కొత్త పద్ధతిలో పడింది. వెల్లకిలా పడుకుంటాడని తేలిన డ్రిల్లు మాస్టారికి గట్టి గుండె ఉన్నందున లెక్కలు అప్పగించారు. ఆయన పిల్లలను కోణంలా నిలబెట్టి, కోణాలను అటెన్షన్‌లో ఉంచి సిద్ధాంతాలు నిరూపిస్తున్నాడు. బోర్లా పడుకుంటాడని తేలిన త్రినాథ్ మెడలో ఈల పడింది.

“నేను పుట్టి బుద్ధెరిగాక బోర్లా పడుకోలేదు మాస్టారూ,” అన్నాడు త్రినాథ్, గ్రౌండులోంచి ఎండకు కమిలి వచ్చి. “ఆవకాయకి ముదురు కాయలు తెచ్చానని మా ఆవిడ కోపం మీద అలా రాసి సంతకం పెట్టేసింది.”

“మార్చమనలేదా?”

“అడిగానండీ. కాయలు మార్చుకు రండి, కాలమ్ మారుస్తాను అంది. ఇప్పుడు కాయలెక్కడివి? సీజను అయిపోయింది.”

జూలైలో మండల శయన సమన్వయకర్త అనే కొత్త పదవి పుట్టింది. ఆ పదవిలో చక్రధరం అనే ఆయన వచ్చారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఎవరి మీదా కోపగించుకోని మనిషి. ప్రతి పనికీ ఒక రూలు ఉంటుందని, అది దొరికేదాకా పని ఆగాలని ఆయన నమ్మకం. సాక్షి లేని ఉద్యోగులు మండలంలో పదకొండు మంది తేలారు. పెళ్లి కానివాళ్లు, విడిగా ఉంటున్నవాళ్లు, ఒంటరిగా మిగిలినవాళ్లు. వాళ్లందరికీ ఒక శనివారం ఉదయం పదకొండు గంటలకు గెడ్డవలస బడి హాల్లో బహిరంగ శయన పరీక్ష పెట్టారు.

నిశ్శబ్దం కోసం పిల్లలకు సెలవిచ్చారు. గంట కొట్టవద్దన్నారు. హాల్లో పదకొండు జంపఖానాలు పరిచి, ఒక్కొక్క దాని తలవైపు సుద్దముక్కతో హాల్ టికెట్ నంబరు వేశారు.

“మిత్రులారా,” అన్నారు చక్రధరం. “నిద్ర వ్యక్తిగత విషయం అనే అపోహ నుంచి శాఖ బయటపడింది. మీకు నలభై అయిదు నిమిషాల వ్యవధి ఉంది. మొదటి పదిహేను నిమిషాల్లో నిద్రకు ఉపక్రమించవలసిందిగా కోరుతున్నాను. పక్కవారిని చూసి పడుకోరాదు. సందేహాలుంటే ఇప్పుడే అడగండి. నిద్రపోయాక అడగడానికి వీలుండదు.”

పొరుగు బడి నుంచి వచ్చిన డ్రాయింగు టీచరు చెయ్యెత్తింది. “నిద్ర రాకపోతేనండీ?”

“సప్లిమెంటరీ ఉంటుందమ్మా.”

సన్యాసిరావుది ఏడో నంబరు. కళ్లు మూసుకుని పడుకుందాం, టైము అయ్యాక లేచిపోదాం అనుకున్నాడు. పైన ఫ్యాను కిర్రుకిర్రుమంటోంది. అటూ ఇటూ మనుషులు మెల్లగా ఊపిరి తీస్తున్నారు. అయిదు నెలల్లో ఆయన పడుకున్నచోట మరో మనిషి ఊపిరి వినపడటం అదే మొదటిసారి. అంతే, ఎప్పుడు పట్టిందో తెలియదు. బావిలోకి చేద దిగినట్టు నిద్రలోకి దిగిపోయాడు.

లేచేసరికి హాలు ఖాళీ. పన్నెండున్నరయింది. చక్రధరం పక్కన కుర్చీ వేసుకుని, నోటుబుక్కుతో, ఎంతో గౌరవంగా కూర్చుని ఉన్నారు.

“మిమ్మల్ని లేపడానికి రూల్లో లేదండీ,” అన్నారు. “మీది చాలా విశిష్టమైన కేసు. వినండి. ‘జంపఖానా వెడల్పులో మూడో వంతు మాత్రమే వినియోగం. కుడి అంచున శయనం. ఎడమ భుజం నేల మీద. ముఖం ఎడమకు. చెయ్యి ఎడమ వైపుకు చాచి, అరచెయ్యి పైకి.’ పట్టికలో చాచిన చేతికి అర్థం లేదు. విజిలెన్స్ వారి అభిప్రాయం అడుగుతున్నాను. ఏమీ అనుకోకండి, అరచెయ్యి పైకి ఉంది కనక.”

“అనుకోనండీ.”

“ఎడమ పక్క అంతా ఎందుకు వదిలేశారు?”

“అలవాటండీ.”

“‘అలవాటు’ పట్టికలో లేదు. ఇదిగో కొత్త ఫారం, కాలమ్‌లో మీ చేత్తో మీరే స్పష్టంగా రాయండి.”

సన్యాసిరావు కలం తీసుకుని ‘పక్క’ అన్న తన మాట ఎదురుగా ఉన్న గడి చూశాడు. నాలుగు రకాలుగా రాయవచ్చు. ఆయన మూడు మాటలు రాశాడు. ఎడమ పక్క ఖాళీ.

“ఎప్పటినుంచి?”

“ఫిబ్రవరి పదకొండు.”

“కారణం?”

“మరణం.”

చక్రధరం ఆ రెండూ రాసుకుని, కాగితం దూరంగా పట్టుకుని తృప్తిగా చూసుకున్నారు. “ఇంత క్లుప్తంగా సమాచారం ఇచ్చే ఉద్యోగిని నేను చూడలేదు మాస్టారూ. అందరూ ఇలా ఉంటే శాఖ ఎప్పుడో బాగుపడేది.”

*

జూలై ఆఖరున బదిలీల కౌన్సెలింగ్ కోసం ఖాళీల జాబితా వచ్చింది. త్రినాథ్ దాన్ని కంప్యూటర్ గదిలో చదువుతూ చదువుతూ ఆగిపోయి, మెళ్లో ఈల తీసేసి, సన్యాసిరావును వెతుక్కుంటూ వచ్చాడు.

“మాస్టారూ, మీరు కూర్చుని చూడండి.”

జాబితాలో నలభై మూడో వరుసలో ఇలా ఉంది: ‘గెడ్డవలస ఉ.పా. – ఎడమ – పక్కా ఖాళీ – 1. ఖాళీ ఏర్పడిన తేది: ఫిబ్రవరి 11. కారణం: మరణం.’

ఎక్కడో ఎవరో టైపు చేస్తూ ‘పక్క’కు ఒక దీర్ఘం తగిలించారు. అదీ వాళ్ల తప్పని చెప్పలేం. ఆ ఆఫీసులో రోజుకు వందసార్లు కొట్టే మాట ‘పక్కా ఖాళీ’. పదవిలో ఉన్న మనిషి రిటైరవడం వల్లో, పోవడం వల్లో నిఖార్సుగా ఏర్పడిన ఖాళీ అని. వేలు దానంతట అదే దీర్ఘం మీదికి పోయింది.

సన్యాసిరావు ఆ మధ్యాహ్నమే మండల ఆఫీసుకు వెళ్లాడు.

“ఒక దీర్ఘం ఎక్కువైందండీ,” అన్నాడు.

చక్రధరం జాబితా తెప్పించి, ఆ అక్షరాన్ని చాలాసేపు చూశారు. “నిజమే. కానీ మాస్టారూ, జాబితా రాష్ట్రానికి పోయింది. దీర్ఘాలు చేర్చే అధికారం ఆపరేటరుకు ఉంది. తీసే అధికారం నాకు లేదు.”

“అది ఉద్యోగం కాదండీ. మా ఇంట్లో మంచం.”

“మీ ఫారంలోనే ఉంది కదా. ఎడమ ఉంది, ఖాళీ ఉంది, తేదీ ఉంది, కారణం ఉంది. ఒక ఖాళీకి ఇంతకంటే ఏం కావాలి?” ఆయన గొంతులో వెటకారం లేదు. “భయపడకండి. భర్తీ చేసేస్తారు. ఎవరూ కోరుకోకపోయినా చిక్కు లేదు. ఆరు నెలల్లో భర్తీ కాని ఖాళీ దానంతట అదే రద్దవుతుంది. ఆగస్టు పదకొండుతో సరి.”

“రద్దంటే?”

“మీరు మధ్యకు జరగాలి.”

సన్యాసిరావు జాబితాలోని ఆ దీర్ఘాన్నే చూస్తున్నాడు.

“స్థలం వృథా కాకూడదు కదండీ. మధ్యలో పడుకుంటున్నట్టు ఒక హామీపత్రం ఇస్తే ఫైలు మూసేస్తాను.”

“జరగకపోతేనండీ?”

చక్రధరం రూల్సు పుస్తకంలో వెతికారు. “అనధికారికంగా ఖాళీని నిర్వహించుట. ఇంక్రిమెంటు ఆగవచ్చు. బదిలీ కూడా ఉండవచ్చు. మీలాంటివారికి అంతదాకా ఎందుకు? ఒక అడుగు జరగడమే కదా.”

ఆయన అన్నది నిజమే. కొలిస్తే అడుగున్నర.

సన్యాసిరావు ఇంటికి వచ్చాడు. బడి వెనక వీధిలో రెండు గదుల అద్దిల్లు. గదిలో మంచం, దాని ఎడమ పక్కన కిటికీ. పాలవాడి గంట తనకే ముందు వినపడాలని వరహాలమ్మ ఎప్పుడూ ఆ పక్కే పడుకునేది. ఆయన ఇప్పటికీ ఇటు చివరే పడుకుంటాడు. అటు దుప్పటి సర్దడమే గాని పరవడం లేదు. అటు తలగడ గలీబు మార్చలేదు. ఆ తలగడ అంచున రెండు పిన్నీసులు ఉన్నాయి. చీర కుచ్చెళ్లకు ఒకటి, పైటకు ఒకటి. పడుకునేముందు తీసి అక్కడ గుచ్చేది. ఫిబ్రవరి పదకొండు ఉదయం ఆసుపత్రికి హడావిడిగా తీసుకెళ్తున్నప్పుడు వాటిని తియ్యడానికి ఎవరికీ గుర్తు రాలేదు.

మధ్యకు జరిగితే ఆయన తల ఆ తలగడ మీదికి వస్తుంది. ఎవరూ కోరుకోకుండా ఉండాలి. కోరుకోకపోతే మధ్యకు జరగాలి. రెండిట్లో ఏది జరగాలని అనుకోవాలో ఆయనకు తెలియలేదు.

*

ఆగస్టు పదో తారీఖు ఉదయం, వాన వెలిసీ వెలియని వేళ, బడి గేటు దగ్గర ఆటో ఆగింది. అందులోంచి ముందు ఒక పరుపుచుట్ట దిగింది, తరవాత ఒక ప్లాస్టిక్ బకెట్, తరవాత గొడుగు, దాని కింద ఒక లావుపాటి మనిషి. పేరు ముకుందరావు. హిందీ మాస్టారు. తిన్నగా వచ్చి హైమావతి బల్ల మీద ఉత్తర్వు పెట్టి నమస్కారం చేశారు.

“జాయిన్ అవడానికి వచ్చానండీ.”

హైమావతి ఉత్తర్వు చదివారు. “మాకు హిందీ పోస్టు ఖాళీ లేదండీ.”

“హిందీ కాదండీ. నన్ను ఎడమకి వేశారు.”

స్టాఫ్ రూములో టీ గ్లాసుల చప్పుడు ఆగింది.

“పదకొండేళ్లు కొండ మీద బళ్లో చేశానండీ,” అన్నారు ముకుందరావు నవ్వుతూ. “ఎక్కడానికి ఒక పూట, దిగడానికి ఒక పూట. మోకాళ్లు అరిగిపోయాయి. కౌన్సెలింగ్‌లో నా నంబరు వచ్చేసరికి కింద మిగిలింది ఇదొక్కటే. గెడ్డవలస, ఎడమ, పక్కా ఖాళీ. ఏ పక్కయినా పర్లేదు బాబూ, కిందైతే చాలు అన్నాను. ఇంతకీ ఎడమంటే ఏ బ్లాకండీ?”

హైమావతి సన్యాసిరావు వైపు చూడలేకపోయారు. “ఉత్తర్వులో పేరుంది, ఊరుంది, పక్క ఉంది,” అన్నారు మెల్లగా. “కాదనడానికి నాకు అధికారం లేదు మాస్టారూ.”

“మీ తప్పేముంది మేడమ్.”

“బాబూ, మా మాస్టారి మంచానికేసినారు మిమ్మల్ని,” అన్నాడు అప్పలకొండ, ఎవరో ఒకరు చెప్పాలి కనక.

ముకుందరావు నవ్వు సగంలో ఆగింది. ఆయన తన పరుపుచుట్ట వైపు, అందరి ముఖాల వైపు చూశారు. “హాస్యానికంటున్నారా?”

“హాస్యానికైతే సంతకం ఉండదండీ,” అన్నాడు త్రినాథ్.

అరగంటలో చక్రధరం వచ్చారు. చేరే ఉద్యోగికి ఛార్జి అప్పగించేటప్పుడు ఆయన ఉండాలని రూలు. అయిదుగురూ గొడుగుల కింద వెనక వీధికి నడిచారు. సన్యాసిరావు ముందు వెళ్లి తాళం తీశాడు. చక్రధరం చెప్పులు బయట విడిచి, గదిలోకి వచ్చి, అట్టకు క్లిప్పు పెట్టిన కాగితం మీద పైకి చదువుతూ రాయడం మొదలుపెట్టారు.

“మంచం ఒకటి, సగం. పరుపు ఒకటి, సగం. కిటికీ ఒకటి.” తెరిచి చూశారు. “తెరుచుకొనును. తలగడ ఒకటి.” వంగి చూశారు. “పిన్నీసులు రెండు. వీటిని ఏమని రాయాలి మాస్టారూ, స్థిరమా, వాడుకలో అరిగిపోయేవా?”

సన్యాసిరావు జల్లు లోపలికి పడకుండా కిటికీ మూశాడు.

ముకుందరావు చేతిలో పరుపుచుట్టతో గుమ్మంలోనే ఉన్నారు. ఆ మాటకు రెండడుగులు లోపలికి వేసి, తలగడ వంక చూసి, మనిషి నిటారుగా అయిపోయారు.

“అమ్మగారివా మాస్టారూ?”

“చీర పిన్నులు. తెల్లారి వెతుక్కోకుండా అక్కడ గుచ్చేది.”

ముకుందరావు ఆ రెండడుగులూ వెనక్కి వేశారు. చెప్పులేసుకుని వరండాలోకి వెళ్లి, “నేనిక్కడ జాయిన్ అవనండీ,” అన్నారు చక్రధరంతో.

“ఆలోచించి మాట్లాడండి. కొండ మీద మీ స్థానంలో నిన్ననే వేరొకరు చేరిపోయారు. ఇక్కడ చేరకపోతే మీకు రాష్ట్రంలో ఎక్కడా పక్క లేదు.”

“లేకపోతే నిలబడే ఉంటానండీ.”

ఆయన నిజంగానే వరండాలో వాన జల్లులో నిలబడ్డారు. చక్రధరానికి కోపం రాలేదు. గడియారం చూసుకున్నారు.

“సరే. భర్తీ జరగలేదు. రేపటితో ఆరు నెలలు. ఖాళీ రద్దు.” కాగితం సన్యాసిరావుకు అందించారు. “ఈ ఛార్జి షీటు మీద మీరే ‘స్వీకరించితిని’ అని రాసి సంతకం చేస్తే, ఈ సగం కూడా మీ ఆధీనంలోకి వస్తుంది. రేపటినుంచి మధ్యలో పడుకోవచ్చు.”

సన్యాసిరావు కాగితం తీసుకుని చదివాడు. చదవడం ఆయన పని. పై నుంచి కింది దాకా, ఒక్క మాట వదలకుండా, పిల్లల పరీక్ష పేపరు చదివినట్టు చదివాడు. అడుగున రెండు గీతలున్నాయి. ఒక గీత కింద ‘ఛార్జి స్వీకరించువారు’. రెండో గీత కింద ‘ఛార్జి అప్పగించువారు’.

“ఈ రెండో సంతకం ఎవరు పెట్టాలండీ?”

“అంతకుముందు ఆ స్థానంలో ఉన్నవారు.”

“ఆవిడ పెట్టలేదు.”

“వారు మరణించినట్టు మీరే రాశారు కదా.”

“మరణం అని రాశానండీ. రిలీవ్ చేశానని రాయలేదు.”

చక్రధరం కాగితం వెనక్కి తీసుకుని, ఆ గీత మళ్లీ చూశారు.

“స్థానంలో ఉన్నవారిని రిలీవ్ చేసినట్టు ఉత్తర్వు ఉంటేనే కదండీ అది ఖాళీ,” అన్నాడు సన్యాసిరావు. గొంతు పెంచలేదు. “ఆ ఉత్తర్వు ఎవరివ్వాలి?”

“పై అధికారి. ఈ ఇంటికి,” చక్రధరం నాలుగు గోడలూ చూశారు. “ఈ ఇంటికి పై అధికారి ఎవరు?”

“అమ్మగారుండగా అమ్మగారే బాబూ,” అన్నాడు అప్పలకొండ. “ఇప్పుడైతే మాస్టారనుకోవాలి.”

“నేను రిలీవ్ చెయ్యలేదండీ,” అన్నాడు సన్యాసిరావు.

కిటికీ మీద వాన పడుతోంది. హైమావతి కొంగుతో కళ్లజోడు తుడుచుకుంటున్నారు, కళ్లజోడు ముఖం మీదే ఉంది.

చక్రధరం సంచిలోంచి రూల్సు పుస్తకం తీసి, నిలబడే పేజీలు తిప్పారు. ఒకచోట వేలు పెట్టి ఆగారు. ఆయన ముఖం వెలిగింది. “ఉందండీ. ‘రిలీవ్ కాని స్థానము ఖాళీగా పరిగణింపబడదు.’ మరణానికి మినహాయింపు ఇవ్వలేదు. ఇన్నేళ్లుగా ఇది ఎవరూ గమనించలేదు.” ఆయన ఛార్జి షీటు మీద మంచం, పరుపు, కిటికీ, తలగడ, పిన్నీసులు ఒక్కొక్కటే అడ్డంగా కొట్టేసి, కింద రాశారు. ‘ఉద్యోగిని రిలీవ్ కాలేదు. స్థానము యథాతథము.’

ఇంటి బయట చెప్పులు వేసుకుంటూ, ఏదో గుర్తొచ్చి వెనక్కి తిరిగారు. “ఎప్పటిలోగా రిలీవ్ చేస్తారో రాతపూర్వకంగా ఇవ్వాల్సి ఉంటుంది మాస్టారూ. తొందరేం లేదు. రిమైండరు వస్తుంది.”

ముకుందరావును ఏం చెయ్యాలో రూల్సులో లేదు. పక్క లేని మనిషి కనక ఆయనను ‘నిలుచున్న ఉద్యోగి’ అనే కొత్త పద్దు కింద గెడ్డవలసలోనే చూపించారు. త్రినాథ్ ఇంటి ముందు గది అద్దెకు తీసుకుని, నిలబడే హిందీ చెబుతున్నారు. మోకాళ్లు ఇప్పుడు నయమట.

*

ఇది జరిగి మూడేళ్లు దాటింది. చల్లని ఊరికి వెళ్లొచ్చిన అధికారి మరో శాఖకు వెళ్లిపోయారు. ఆయన స్థానంలో వచ్చినవారికి తుమ్ముల మీద గురి. శయన పట్టికలు గోనె సంచుల్లో కట్టి మెట్ల కింద పెట్టారు. త్రినాథ్ భార్య మరుసటి ఏడు లేతకాయలు చూసి కాలమ్ మార్చింది గాని, అప్పటికి కాలమే లేదు. డ్రిల్లు మాస్టారి దగ్గర లెక్కలు నేర్చుకున్న పిల్లలు ఇప్పటికీ సమాధానం చెప్పేముందు మడమలు కలుపుతారు.

పథకాలు పోతాయి గాని ఫైళ్లు పోవు. ఆగస్టు వచ్చేసరికి సన్యాసిరావుకు ఒక ఉత్తరం వస్తుంది. ‘పై సూచికలో తెలిపిన ఉద్యోగినిని ఎప్పటిలోగా రిలీవ్ చేయుదురో వెంటనే తెలుపవలెను.’

మొన్న మూడోది వచ్చింది. అప్పలకొండ దాన్ని చేతికిచ్చి, “మళ్లీ ఒచ్చీసింది బాబూ,” అని, కుర్చీ నీడలోకి జరిపి వెళ్లాడు.

ఆ ఆదివారం సన్యాసిరావు ఎడమ పక్క తలగడ గలీబు విప్పి, మొదటిసారి ఉతికాడు. వీధిలో తీగ మీద ఆరేశాడు. సాయంత్రం తెచ్చి తొడిగి, తీసి పెట్టిన రెండు పిన్నీసులను అంచున, అంతకుముందు ఉన్నచోటే, కుచ్చెళ్లది కింద, పైటది పైన గుచ్చాడు. తరవాత బల్ల ముందు కూర్చుని ఉత్తరానికి జవాబు రాశాడు. ఒకసారి చదివి, దీర్ఘాలన్నీ ఉండవలసినచోటే ఉన్నాయని చూసుకుని, సంతకం పెట్టాడు.

‘విషయము పరిశీలనలో ఉన్నది.’